నేల అడిగే గడువు: అరసవల్లి జిల్లేడు నుంచి ఉద్దానం తోటల దాకా

అర్కపత్రం, ఆకుమడి

శ్రీకాకుళం పట్టణాన్ని ఆనుకొని ఉన్న అరసవల్లిలోని సూర్యనారాయణస్వామి ఆలయాన్ని కళింగాన్ని ఏలిన తూర్పు గాంగరాజుల్లో ఒకడైన దేవేంద్రవర్మ కట్టించాడని సంప్రదాయం చెబుతుంది. ఇప్పుడు కనిపించే కట్టడంలో ఎక్కువ భాగం 1778లో ఎలమంచిలి పుల్లాజీ పంతులు చేయించిన పునర్నిర్మాణానికి చెందినదని అంటారు. ఏటా మార్చిలోనూ అక్టోబరులోనూ కొద్ది రోజులపాటు ఉదయకిరణాలు గర్భాలయంలోని మూలమూర్తి పాదాలను తాకడం ఈ ఆలయ ప్రసిద్ధికి ఒక కారణమైతే, మాఘ శుద్ధ సప్తమి నాడు, అంటే రథసప్తమి నాడు, కళింగాంధ్ర నలుమూలల నుంచీ వచ్చే భక్తజనం మరొక కారణం. ఆనాటి స్నానంలో జిల్లేడు ఆకులను, రేగుపళ్ళను తలమీదా భుజాలమీదా ఉంచుకోవడం ఆచారం. సంస్కృతంలో అర్కశబ్దానికి సూర్యుడనీ జిల్లేడనీ రెండర్థాలూ ఉండడం వల్ల ఆ ఆకు సూర్యుడికి ప్రీతిపాత్రమైనదిగా పూజలో స్థిరపడింది.

ఇదే జిల్లేడుకు తెలుగునాట పొలంలో మరొక జీవితం ఉంది. రసాయనిక ఎరువులు రాకముందు వరిమళ్ళకు బలాన్ని ఇచ్చినవాటిలో పశువుల పెంట తరువాత చెప్పుకోదగినది పచ్చిరొట్ట, అంటే పచ్చి ఆకును, లేత కొమ్మను నేలలో తొక్కి కుళ్ళబెట్టే ఎరువు. కానుగ, వేప, వెంపలి, తంగేడు ఆకులతో పాటు పోరంబోకులో, చెరువుగట్ల మీద, బాటల పక్కన ఎవరూ నాటకుండానే పెరిగే జిల్లేడును కూడా కోసి తెచ్చి, ఈ ప్రాంతంలో ఆకుమడి అని పిలిచే నారుమడిలో పరచి దమ్ము చేసేవారు. విరిస్తే పాలు కారే, పశువు మూతిపెట్టని, కంట్లో పడితే ప్రమాదమని పిల్లలను హెచ్చరించే మొక్క, వరినారు వంటి లేత ప్రాణానికి ఆహారం కాగలిగిందంటే, ఆకు తొక్కడానికీ విత్తనం చల్లడానికీ మధ్య రైతు కొన్ని రోజుల గడువు పాటించడమే అందుకు మూలం. మొక్కల్లో పుట్టే రసాయనాలు నేలలో చేరి మరో మొక్క మొలకను, ప్రత్యేకించి చెట్ల మొలకలను ఎలా అడ్డుకుంటాయో, ఎలా వదిలిపెడతాయో తెలుసుకోవడానికి ఆ గడువు ఒక తాళపుచెవి వంటిది. ఉత్తరాంధ్ర సాగుచరిత్రలో కొండపోడు నుంచి సముద్రతీరపు సరుగుడు తోటల వరకు, ఉద్దానపు జీడిమామిడి వరకు ఈ గడువు కథే వేర్వేరు రూపాల్లో సాగింది.

పేరు రాకముందు, పేరు వచ్చాక

ఒక మొక్క విడిచిన రసాయనం మరొక మొక్క ఎదుగుదలను మార్చడాన్ని శాస్త్రజ్ఞులు అల్లెలోపతి అంటారు. 'ఒకదానికొకటి' అనీ 'బాధ' అనీ అర్థమిచ్చే రెండు గ్రీకు పదాలను కలిపి ఆస్ట్రియా వృక్షశాస్త్రజ్ఞుడు హాన్స్ మోలిష్ 1937లో ఈ పేరు పెట్టాడు. పండిన ఆపిల్ పళ్ళనుంచి వెలువడే ఎథిలీన్ వాయువు పక్కనున్న మొలకల పెరుగుదలను మార్చివేయడాన్ని పరిశీలించిన మోలిష్, అంతకు కొన్నేళ్ళ ముందు కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ స్థాపించిన పరిశోధన సంస్థలో కొంతకాలం పనిచేసి, భారతదేశంలోని తన అనుభవాల మీద ఒక గ్రంథం కూడా ప్రకటించాడు.

పేరు కొత్తదైనా గమనిక పాతది. క్రీస్తుపూర్వం 300 ప్రాంతంలో గ్రీకు పండితుడు థియోఫ్రాస్టస్, శనగ ఇతర పప్పుధాన్యాల వలె నేలకు బలం ఇవ్వకుండా దాన్ని పీల్చివేస్తుందని, అయితే కలుపును, అందులోనూ పల్లేరును త్వరగా చంపుతుందని రాశాడు. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో రోమన్ రచయిత ప్లినీ, అక్రోటు చెట్టు నీడ బరువైనదని, దాని దగ్గర నాటినదానికి హాని చేస్తుందని పేర్కొన్నాడు. నీడ అని ప్లినీ అనుకున్న దాని వెనుక జుగ్లోన్ అనే పదార్థం ఉందని, అది నల్ల అక్రోటు వేర్లలో, కాయతొక్కలో ఉండి ఇతర మొక్కలను వాడ్చగలదని 1928లో అమెరికాలో తేలింది.

భారతదేశంలో ఈ ఆలోచనకు దగ్గరగా వచ్చిన గ్రంథాల్లో 6వ శతాబ్దపు వరాహమిహిరుడి బృహత్సంహితను ముందుగా చెప్పాలి. అందులోని వృక్షాయుర్వేద అధ్యాయం చెట్టుకూ చెట్టుకూ మధ్య 20 మూరల దూరం ఉత్తమమని, 16 మధ్యమమని, 12 అధమమని నిర్ణయించి, దగ్గరగా నాటిన చెట్లు ఒకదానినొకటి తాకుతూ వేర్లు పెనవేసుకొని సరిగా ఫలించవని చెబుతుంది. అదే అధ్యాయం చెట్లు నాటబోయే నేలకు తొలి సంస్కారంగా నువ్వులు చల్లి, అవి పూతకు వచ్చాక నేలలోనే నలిపివేయమంటుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మెట్టరైతుకు నువ్వు చిరపరిచితమైన పంట. ఆధునిక పరీక్షల్లో నువ్వు మొక్క రసాలు, రైతులను వేధించే తుంగను అణచగలవని కనిపించడం వల్ల, ఆ పాత విధిలో నేలను మెత్తబరచడంతో పాటు కలుపును తగ్గించే ప్రయోజనం కూడా ఉండవచ్చునని అనుకోవడానికి ఆధారం దొరుకుతుంది. దూరం, పూర్వపంట, నలిపిన ఆకు కుళ్ళే వ్యవధి అనే మూడింటినీ చెట్టు నాటడానికి ముందుపనులుగా చేర్చిన ఆ దృష్టి, మొక్కను ఒంటరిగా కాక అది దిగే నేలతో కలిపి చూసింది.

రుజువు దగ్గర వచ్చిన చిక్కు

1832లో స్విట్జర్లాండ్ వృక్షశాస్త్రజ్ఞుడు డి కాండోల్, వేర్లు కొన్ని మలినాలను నేలలోకి విసర్జిస్తాయని, అదే పంటను మళ్ళీమళ్ళీ వేస్తే అవి పేరుకొని నేల చెడుతుందని, పంటమార్పిడికి ఫలితం రావడం అందువల్లనేనని వాదించాడు. కొద్దికాలానికే, 1840లో జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు లీబిగ్ ఖనిజపోషకాల సిద్ధాంతాన్ని ప్రకటించడంతో, నేల చెడిందంటే ఏదో పోషకం తరిగిందనే వివరణ బలపడి, వేరు విడిచే రసాల మాట చాలాకాలం పక్కకు జరిగింది.

20వ శతాబ్దం ఆరంభంలో ఆ ప్రశ్న పండ్లతోటల్లో మళ్ళీ లేచింది. ఇంగ్లండులోని వోబర్న్ ప్రయోగక్షేత్రంలో స్పెన్సర్ పికరింగ్, ఆపిల్ చెట్ల కింద గడ్డి పెరిగితే చెట్లు కుంగిపోవడాన్ని ఏళ్ళ తరబడి పరిశీలించి, నీటికీ పోషకాలకూ జరిగే పోటీతో మాత్రమే అది పూర్తిగా అర్థం కాదని, గడ్డివేర్ల నుంచి ఏదో విషం దిగుతోందని నిర్ధారించాడు. అదే సమస్యను 1905 నుంచి బీహారులోని పూసా పరిశోధన సంస్థలో పనిచేసిన ఆల్బర్ట్ హోవర్డ్ ఇక్కడి పండ్లచెట్ల మీద పరీక్షించి, గడ్డి వేర్లు నేలలోని గాలిని తగ్గించి బొగ్గుపులుసు వాయువును పెంచడమే చెట్ల వేర్లకు ఊపిరాడకపోవడానికి కారణమన్నాడు. ఒకే వాడిన చెట్టుకు ఇద్దరు నిష్ణాతులు రెండు కారణాలు చూపగలగడం ఈ శాస్త్రానికి స్వాభావికమైన చిక్కును బయటపెడుతుంది: చెట్టు కింద మొక్క ఎదగకపోవడానికి వెలుతురు చాలకపోవడం, నీరు దక్కకపోవడం, పోషకం తరగడం, గాలి ఆడకపోవడం, పురుగు తినడం, రసాయనం తగలడం అన్నీ కారణాలు కాగలవు, అవి ఒకదానిలో ఒకటి కలిసే పనిచేస్తాయి. మర్రిచెట్టు కింద మరో మొక్క ఎదగదన్న నానుడి నిజమే అయినా, అందులో నీడ పాలెంత, వేరు పాలెంత, రాలిన ఆకు పాలెంత అన్నది విడదీసి చూస్తేనే తేలుతుంది.

కాలిఫోర్నియా పొదల కథ ఈ చిక్కుకు గట్టి ఉదాహరణ. 1964లో అక్కడి పరిశోధకుడు మల్లర్, సువాసన గల పొదల చుట్టూ గడ్డి మొలవని బోడిపట్టీలకు ఆ పొదల నుంచి వెలువడే ఆవిరి రసాయనాలే కారణమని ప్రకటించగా, 1970లో బార్తొలోమ్యూ అనే శాస్త్రజ్ఞుడు ఆ పట్టీలకు కంచె వేసి ఎలుకజాతి జంతువులను ఆపితే అక్కడ గడ్డి మొలుస్తుందని చూపించాడు. పొదల్లో దాగే జంతువులే బయటి గడ్డిని మేస్తున్నాయన్నమాట. ఆ దెబ్బతో ప్రయోగశాలలో ఆకురసం పోసి గింజ మొలవలేదని చెప్పినంత మాత్రాన పొలంలో అదే జరుగుతోందని నమ్మరాదన్న జాగ్రత్త ఈ రంగంలో స్థిరపడింది.

చెట్ల మొలకల విషయంలో ఆ జాగ్రత్తతోనే జరిగిన మంచి పరిశోధన ఉత్తర స్వీడన్ అడవుల్లో 1990ల్లో కనిపిస్తుంది. అక్కడి పైన్ అడవుల్లో నేలను కమ్ముకొనే ఎంపెట్రమ్ అనే పొట్టిపొద ఆకుల్లో బటటాసిన్ అనే ఫినాలిక్ పదార్థం ఉంటుంది. పొదతో నిండిన నేలలో పైన్ గింజలు మొలవడం తగ్గి, మొలిచినవి కుంటుబడుతుంటే, పరిశోధకులు నేలమీద ఉత్తేజిత బొగ్గుపొడిని, అంటే రసాయనాలను తన సూక్ష్మరంధ్రాల్లో పట్టి ఉంచేలా తయారుచేసిన బొగ్గును చల్లి చూశారు. బొగ్గు నీడను మార్చదు, పొద వేరును తొలగించదు, రసాన్ని మాత్రమే పీల్చుకుంటుంది; అయినా పైన్ మొలకలు మెరుగుపడ్డాయి కాబట్టి, రసాయనం పాలు ఎంతో విడిగా తెలిసింది. అడవి కాలినప్పుడు మిగిలే సహజమైన బొగ్గు కూడా ఇదే పని చేస్తుందని, కాలం గడిచేకొద్దీ ఆ శక్తి తగ్గినా మళ్ళీ వేడి తగిలితే తిరిగి వస్తుందని తరువాతి పరీక్షలు చూపించాయి.

నేల లోపల జరిగేది

మొక్క నుంచి రసాయనం నేలను చేరే దారులు నాలుగు: ఆకులమీద పడిన వాన కడిగి దించడం, బతికున్న వేరు స్రవించడం, రాలిన ఆకూ రెమ్మా కుళ్ళడం, ఆవిరిగా వెలువడిన పదార్థం నేలకణాలకు అంటడం. వీటిలో ఉత్తరాంధ్ర వంటి వానాకాలపు దేశంలో మొదటిదీ మూడోదీ ముఖ్యమైనవి, ఎందుకంటే వేసవి అంతా ఎండిన ఆకు చెట్టు కింద మందంగా పేరుకొని ఉండగా, తొలకరి జల్లు దానిని నానబెట్టి లోపలి రసాన్ని ఒక్కసారిగా నేలలోకి దించుతుంది. చెట్ల గింజల్లో ఎక్కువ భాగం మొలకెత్తేది కూడా సరిగ్గా ఆ తొలకరిలోనే.

ఈ రసాల్లో ప్రధానమైనవి ఫినాలిక్ ఆమ్లాలు, టానిన్లు. టానిన్ అంటే మాంసకృత్తులను పట్టి బిగించే వగరు పదార్థం. చర్మకారులు తంగేడు బెరడును నానబెట్టిన నీటిలో పచ్చితోలును ఊరబెట్టి పదును చేసేటప్పుడు జరిగేది ఈ బిగింపే, మద్రాసు రాజధాని తోళ్ళ పరిశ్రమకు తంగేడు బెరడు ఒక ప్రధాన ఆధారం కావడానికి కారణమూ ఇదే. అదే గుణం నేలలో పనిచేసినప్పుడు కుళ్ళుతున్న ఆకులోని నత్రజని టానిన్‌తో ముడిపడి, సూక్ష్మజీవులకూ వేర్లకూ తేలికగా అందకుండా పోతుంది. అందువల్ల రసాయనం మొక్కను నేరుగా తాకకపోయినా ఆకలితో కుంగదీయగలదు.

నేరుగా తాకినప్పుడు దెబ్బ ముందుగా తగిలేది వేరుకొనకు. అక్కడ కణవిభజన మందగిస్తుంది, వేరుమీది సన్నని నూగు తగ్గుతుంది, కణాల పొర సడలి నత్రజని, పొటాషియం తీసుకొనే శక్తి పడిపోతుంది. అనేక చెట్ల వేర్లతో జతకట్టి వాటికి భాస్వరాన్నీ నీటినీ అందించే శిలీంధ్రం ఒకటుంది. వేరూ శిలీంధ్రమూ కలిసిన ఆ బంధాన్ని మైకోరైజా అంటారు. ఫినాలిక్ రసాలు ఎక్కువైన నేలలో ఆ జత కుదరడం ఆలస్యమవుతుంది. పెద్దచెట్టుకు నలుమూలలా వేర్లు ఉండడం వల్ల ఒక చోటి దెబ్బను మరోచోట తీర్చుకోగలదు. గింజలోని నిల్వ తిని అయిపోయి, ఒకే ఒక్క తల్లివేరుతో నిలిచిన మొలకకు ఆ వెసులుబాటు లేదు.

అయితే నేల అంటే ఈ రసాలను మోసే పాత్ర మాత్రమే కాదు, వాటిని విరిచే శక్తి కూడా అందులోనే ఉంది. బంకమట్టి కణాలు, కుళ్ళిన సేంద్రియపదార్థం రసాలను పట్టి ఉంచుతాయి, బాక్టీరియాలూ శిలీంధ్రాలూ వాటిని రోజుల్లో, వారాల్లో విరిచి తమకు ఆహారం చేసుకుంటాయి. అందుకే బంకమట్టి నేలలో ఒక ఆకురసానికి కనిపించని ప్రభావం, మట్టీ సేంద్రియమూ తక్కువైన తీరపు ఇసుకలో కనిపించవచ్చు. తడి, వెచ్చదనం, గాలి ఉన్న నేల త్వరగా శుభ్రపడితే, ఎండిన నేలలో ఆ రసం అలాగే నిలుస్తుంది. జిల్లేడు పాలలో గుండెపై పనిచేసే కార్డినోలైడ్ల వంటి ఘాటైన పదార్థాలున్నా, ఆకురసం పోసిన ప్రయోగాల్లో అనేక పంటల గింజలు మొలవడం తగ్గినా, ఆకుమడిలో అదే ఆకు మేలు చేయడానికి కారణం ఇక్కడే దొరుకుతుంది. నీరు నిలిచిన మడిలో పచ్చాకు కుళ్ళే తొలి రోజుల్లో రకరకాల ఆమ్లాలు పుట్టి లేత వేరును కాలుస్తాయి, ఆ దశ దాటాక అదే ఆకు నత్రజనిగా మిగులుతుంది. తైవాన్‌లో 1970ల్లో వరిగడ్డి కుళ్ళే మళ్ళలోని ఫినాలిక్ ఆమ్లాలు తరువాతి వరిపంట వేర్లను దెబ్బతీయడాన్ని శాస్త్రజ్ఞులు వివరించారు. జీలుగనో జనుమునో దున్నిన తరువాత 10 రోజులకు పైగా ఆగి ఉభాలు మొదలుపెట్టమని వ్యవసాయశాఖ చెప్పే సలహా, పూర్వపు రైతు కుళ్ళువాసన తగ్గి మడినీరు తేరేదాకా ఆగిన ఆచారం, రెండూ ఆ రసాయనక్రియకు ఇచ్చిన సమయమే.

కొండపోడు: నిప్పు ఇచ్చిన గడువు

తీరం నుంచి పడమటికి నడిస్తే సీతంపేట, భద్రగిరి ప్రాంతాల కొండలు వస్తాయి. 1950 ఆగస్టు 15న విశాఖపట్నం నుంచి విడిపోయి ఏర్పడిన శ్రీకాకుళం జిల్లాలో, 1979లో ఏర్పడిన విజయనగరం జిల్లాలో భాగాలుగా ఉండిన ఈ కొండలు 2022 ఏప్రిల్ 4 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నాయి. ఇక్కడి సవరలు, జాతాపులు తరతరాలుగా చేసిన సాగు పోడు, అంటే కొండవాలులోని పొదలనూ చెట్లనూ నరికి, వేసవిలో ఎండనిచ్చి, తొలకరికి ముందు కాల్చి, బూడిద కలిసిన నేలలో చోడి, సామ, కొర్ర, కంది వంటివాటిని కలిపి విత్తి, రెండు మూడేళ్ళ తరువాత ఆ చెక్కను అడవికి వదిలి మరో చెక్కకు జరిగే పద్ధతి. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం వచ్చిన తరువాత రిజర్వు అడవుల్లో పోడుకు అడ్డంకులు పెరిగాయి, అటవీ అధికారుల దృష్టిలో అది అడవిని నాశనం చేసే దురలవాటుగా ముద్రపడింది.

పోడులో నష్టాలు నిజమైనవే: వాలు మీద మట్టి కొట్టుకుపోతుంది, పెద్దచెట్లు పోతాయి, వదిలిన చెక్కకు తిరిగి వచ్చే వ్యవధి తగ్గినప్పుడు అడవి కోలుకోదు. కానీ స్వీడన్ అడవుల బొగ్గు చెప్పిన పాఠాన్ని దగ్గర ఉంచుకొని చూస్తే, నిప్పులో ఒక రసాయనిక అర్థం కూడా ఉంది. కాల్చడం వల్ల నేలమీది ఆకుమందం, దానితోపాటు అందులోని వగరురసం పోతుంది, బూడిద నేల పులుపును తగ్గిస్తుంది, మిగిలిన బొగ్గుముక్కలు నేలలోని ఫినాలిక్ పదార్థాలను పీల్చుకొనే స్వభావం గలవి. చెక్కను ఏళ్ళ తరబడి వదలడం వల్ల నేలకు విశ్రాంతి, అడవి మొలకలకు మళ్ళీ చోటు దొరుకుతాయి. పోడు బాగా నడిచినంత కాలం దానిని నిలబెట్టింది నిప్పుతో పాటు ఆ విశ్రాంతి కూడా. చట్టం హద్దులు గీసి, జనాభా పెరిగి, తిరిగివచ్చే ఏళ్ళు కుదించుకుపోయినప్పుడు, మిగిలింది కాల్చడం ఒక్కటే, విశ్రాంతి కాపాడిన గడువు పోయింది.

వదిలిన చెక్కల్లోకి ఇటీవలి శతాబ్దాల్లో చేరిన లంటానా ఈ కష్టాన్ని మరింత పెంచింది. తోటల అందం కోసం 19వ శతాబ్దం తొలినాళ్ళలో భారతదేశానికి తెచ్చిన ఈ అమెరికా పొద, ఆకుల్లోని ఫినాలిక్ పదార్థాలతో, దట్టమైన నీడతో కలిసి అడవిచెట్ల మొలకలకు చోటు లేకుండా చేస్తుంది. బాటల పక్కన, బీడుల్లో వ్యాపించిన వయ్యారిభామ కూడా అదే కోవకు చెందినది. 1950ల మధ్యలో పుణె దగ్గర గుర్తించిన ఈ మొక్క, పార్థెనిన్ అనే చేదు రసాయనంతో పక్క మొక్కలను అణచుతూ కొన్ని దశాబ్దాల్లో దేశమంతా పరచుకుంది. తమ రసాలకు అలవాటుపడని నేలల్లో ఇటువంటి వలసమొక్కలు ఎక్కువ బలం పొందడం అల్లెలోపతి పరిశోధనలో తరచు చర్చకు వచ్చే విషయం.

సరుగుడు: ఇసుక మీది నిశ్శబ్దం

శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉంది, ఆ తీరంలో ఇసుకదిబ్బల మీద ఈనాడు కంటికి ముందు ఆనేది సరుగుడు. ఆస్ట్రేలియా, ఆగ్నేయాసియా, పసిఫిక్ దీవుల తీరాలకు చెందిన ఈ చెట్టును 1868 ప్రాంతంలో పడమటి తీరంలోని కార్వార్ దగ్గర నాటడంతో భారతదేశంలో దాని తోటల పెంపకం మొదలై, వంటచెరకు కోసం, ఇసుక కదలకుండా పట్టడానికి మద్రాసు రాజధాని తూర్పుతీరమంతా విస్తరించింది. పేద ఇసుకలో ఇంత వేగంగా పెరగడానికి సరుగుడు వేరుబుడిపెల్లో ఉండే ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని చెట్టుకు అందించడం కారణం. తుపానుగాలిని తగ్గించే రక్షణపట్టీగా, ఇంటికి పొయ్యిచెరకుగా, ఇటీవలి దశాబ్దాల్లో కాగితపు గుజ్జుకు ముడిసరుకుగా అది తీరగ్రామాల జీవనంలో కలిసిపోయింది. ఎల్లకు అవతల ఒడిశాలోని రాయగడ దగ్గర 1962లో మొదలైన కాగితపు మిల్లు వంటివి గుజ్జుకలపకు గిరాకీ పెంచాక, సరుగుడూ నీలగిరీ మెట్టభూముల్లోకి కూడా వచ్చాయి.

సరుగుడు తోట లోపలికి వెళితే నేలమీద మరో మొక్క అరుదుగా కనిపిస్తుంది. ఆకులని అందరూ అనుకొనే సన్నని పచ్చటి పుల్లలు నిజానికి రెమ్మలు, అసలు ఆకులు కణుపుల దగ్గర పొలుసుల్లా ఉంటాయి. ఆ రెమ్మలు రాలి, మెత్తని పరుపులా పేరుకొని, వగరురసాల వల్లా గట్టిదనం వల్లా మెల్లగా కుళ్ళుతాయి. ఆ పరుపు నుంచి దిగే రసం ఇతర మొక్కల గింజలతో పాటు సరుగుడు గింజలను కూడా అణచుతుందని పరీక్షల్లో కనిపించింది. తన రసం తన సంతానానికే అడ్డు కావడాన్ని ఆటోటాక్సిసిటీ, అంటే స్వవిషత్వం అంటారు. గింజ నేలను తాకనివ్వని ఆ పరుపు మందం దీనికి తోడవడంతో, సరుగుడు తోటలో కింద పడిన గింజల నుంచి తరువాతి తరం దానంతటదే రావడం అరుదు, ప్రతి తరాన్నీ నారు పోసి మనుషులే నాటాలి. రాలిన సరుగుడును పొయ్యిలోకి ఊడ్చుకుపోయే తీరగ్రామాల ఆడవారి అలవాటు, నేలకు చేరవలసిన సేంద్రియాన్ని తగ్గించిన మాట వాస్తవమే అయినా, ఆ పరుపు మందం పెరగకుండా కూడా చూసింది. వంటగ్యాసు వచ్చాక ఊడ్చేవారు తగ్గిన తోటల్లో ఆ పరుపును ఏం చేయాలన్న ప్రశ్న కొత్తగా వచ్చింది.

నాలుగైదు ఏళ్ళకు ఒకసారి నరికి, వెంటనే అదే నేలలో అదే చెట్టును నాటే గుజ్జుకలప సాగు, పాత పోడులో ఉన్న విశ్రాంతిని గానీ వృక్షాయుర్వేదంలో చెప్పిన పూర్వపంటను గానీ గుర్తించదు. నీలగిరి ఆకులోని ఘాటైన నూనెలు, సుబాబుల్ ఆకులో, గింజలో ఉండే మిమోసిన్ అనే అమైనో ఆమ్లం కూడా ఇతర మొలకలను తగ్గించగలవని పరిశోధనలు చూపుతున్నాయి. వాటి తోటల్లో పొలంచెట్టు, నీడచెట్టు, పండ్లచెట్టు మళ్ళీ నాటుకోవాలనుకొన్న రైతుకు పాత వేళ్ళు, పాత ఆకుమందం ఒక అప్పులా మిగిలి ఉంటాయి.

ఉద్దానం: కలిసి పెరిగిన తోట

ఉత్తరాన పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి, కంచిలి, ఇచ్ఛాపురం మండలాల ప్రాంతాన్ని ఉద్దానం అంటారు. ఉద్యానవనం అన్న మాటే వాడుకలో ఇలా మారిందని చెబుతారు. కొబ్బరి, జీడిమామిడి, పనస, మామిడి, మునగ, అరటి ఒకే తోటలో అంతస్తులుగా పెరగడం ఇక్కడి పద్ధతి. 16వ శతాబ్దంలో పోర్చుగీసువారు బ్రెజిల్ నుంచి భారతతీరానికి తెచ్చిన జీడిమామిడి, ఇసుకనూ ఎర్రగరపనూ తట్టుకొని ఈ నేలకు సొంతచెట్టు అయింది, పలాస-కాశీబుగ్గ జంటపట్టణం జీడిపిక్కల నుంచి పప్పు తీసే పరిశ్రమకు పేరుపొందింది. జీడిమామిడి ఆకు, పెంకు, బెరడు ఫినాలిక్ పదార్థాలతో నిండినవి. చెట్టు కింద ముదురాకు దళసరిగా పేరుకోవడం, అక్కడ కలుపు కూడా పలచగా ఉండడం రైతులకు తెలిసినదే.

రకరకాల చెట్ల ఆకు కలిసి రాలే తోటలో ఒకే రకపు రసం పేరుకోదు, త్వరగా కుళ్ళే మునగ, అరటి ఆకు కింద సూక్ష్మజీవులు బలపడి గట్టి ఆకును కూడా విరవగలవు. కలిసి పెరిగిన ఉద్దానపు తోట, నేల తనను తాను శుభ్రం చేసుకోవడానికి వీలిచ్చే అమరిక. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఆ తోటలు ఒక్క రాత్రిలో నేలకూలాయి. ఏళ్ళ తరబడి పెంచిన కొబ్బరి, జీడిమామిడి చెట్లు పోయిన కుటుంబాలకు తిరిగి నాటడం అత్యవసరమైంది, కానీ కొత్త అంటు దిగే గుంటలో పాత చెట్టు వేర్లు కుళ్ళుతూ, విరిగిన కొమ్మల ఆకు పచ్చిగా కలుస్తూ ఉండే పరిస్థితి మొలకకు కష్టమైనది. అటువంటి చోట పాత మొదలుకు దూరంగా జరిగి గుంట తీయడం, మొదళ్ళనూ వేర్లనూ వీలైనంత తొలగించడం, గుంటను ఎండకు వదలడం, బాగా చివికిన పెంటతో నింపడం, ముందొక పైరుగా జనుమో పెసరో వేసి కలియదున్నడం అనే పనులు నేలకు మళ్ళీ గడువు ఇవ్వడమే. పూసా నుంచి ఇందోర్ చేరి 1931లో ప్రకటించిన గ్రంథంలో ఆల్బర్ట్ హోవర్డ్ వివరించిన కంపోస్టు పద్ధతి కూడా ఇదే పనిని పొలం బయట చేస్తుంది. ఆకును కుప్పలో వేడెక్కించి, తిరగేసి, చివికించి, లేతవేరును బాధించే దశ అక్కడే దాటించి, మెత్తబడిన ఎరువునే మొక్క దగ్గరికి తెస్తుంది.

ఈ చరిత్ర అంతటినీ కలిపి చూస్తే, మొక్కల రసాయనాలు నేలకు శత్రువులన్న తీర్పు నిలవదు. చెట్టు తన ఆకును పురుగుకు దక్కకుండా కాపాడుకోవడానికి తయారుచేసుకొన్న రసమే రాలిన తరువాత మొలకను ఆపుతుంది, మరికొన్నాళ్ళకు అదే కుళ్ళి మొలకకు ఆహారమవుతుంది. ఆ రెండు దశల మధ్య దూరాన్ని ఇసుకా బంకా, వానా ఎండా, సూక్ష్మజీవుల బలమూ నిర్ణయిస్తాయి. పూర్వపు ఆచారాలు అన్నీ సరైనవి కావు, పోడు నిప్పు కొండమట్టిని కోసిన చోట్లు ఎన్నో ఉన్నాయి. అయినా వాటిలో నేలకు ఇంత సమయం పడుతుందన్న గౌరవం ఉండేది. కోట్ల మొక్కలు నాటే ఈ కాలంలో, నాటినవాటిలో ఎన్ని బతికాయన్న లెక్కతో పాటు అవి ఏ ఆకు రాలిన నేలలో, ఎన్నాళ్ళ తరువాత దిగాయన్న లెక్కను కూడా నారుమళ్ళ నిర్వాహకులు, అటవీశాఖ, రైతులు రాసుకొని ఉంచడం అవసరం. తలమీద జిల్లేడు ఆకు పెట్టుకొని స్నానం చేసే అరసవల్లి భక్తుడి తాత, అదే ఆకును ఆకుమడిలో తొక్కిన మరునాడు విత్తనం చల్లలేదు. మడి గట్టున నిలబడి, నీరు తేరేదాకా ఆగాడు.